తలకు పోయకముందే గడప దాటాం

మా పాపకు తట్టు పోసిన ఆ ఎండాకాలం మా ఇంట్లో తాలింపు వెయ్యడం బందయింది. మా అత్త పుంగనూరు మనిషి. పిల్లల ఒంటి మీద ఎర్రటి పొక్కులు కనబడితే ఆమె లెక్కలో అది రోగం కాదు, అమ్మవారు ఇంటికి రావడం. వచ్చిన అమ్మకు ఆవాలు చిటపటమంటే గిట్టదట. అత్త గడపకు వేపమండలు కట్టింది. దువ్వెన ఎత్తి దాచేసింది. మాంసం సంగతి సరే, ఉల్లిపాయ కూడా కొయ్యనివ్వలేదు. నా నోట "జ్వరం" అన్న మాట వస్తే చాలు, చెంపలేసుకుని, "అట్లనగూడదు మే, అమ్మ ఆడుకుంటా ఉండాది అను" అని దిద్దేది.

నేను మదనపల్లెలో పుట్టి పెరిగినదాన్ని. రెండూళ్ళ మధ్య బస్సులో ఒక కునుకు తీసేలోగా దిగిపోవచ్చు. కానీ మా పుట్టింట్లో ఒళ్ళు వెచ్చబడితే డాక్టరు, అత్తింట్లో అమ్మవారు. ఇది తొంభైల నాటి మాట. మా ఆయన కుప్పంలో గ్రానైట్ రాళ్ళకు పాలిష్ పట్టే చోట సూపర్‌వైజరు. ఆదివారాలు వచ్చిపోయేవాడు. అమ్మవారు ఇంట్లో ఉండగా బయట తిరిగిన కాళ్ళతో రాకూడదని మా అత్త కన్నకొడుక్కి కూడా రావద్దని కబురు పెట్టింది. "అత్త లేని కోడలుత్తమురాలు" అన్న సామెత కనిపెట్టినామెకు ఎలాంటి అత్త ఉండేదో అని, చప్పిడి పప్పు మింగలేక కక్కలేక అనుకునేదాన్ని.

అయినా ఉన్నమాట చెప్పుకోవాలి. మొదట్లో ఆమె చేసినదాంట్లో నేను వంక పెట్టగలిగింది తాలింపు ఒక్కటే. పాపకు అప్పుడు నాలుగేళ్ళు. ఎండ తగలని మూలగదిలో మెత్తటి పాత చీర పరిచి పడుకోబెట్టింది. వీధి పిల్లల్ని ఇంటి ఛాయలకు రానివ్వలేదు. రాగి అంబలి పలచగా కాచి, మజ్జిగ కలిపి, గుక్కెడు గుక్కెడు తాగించేది. దురద పెడితే గోళ్ళు తగలకుండా వేపాకుతో నిమిరేది. "అవ్వా, ఈడ... ఈడ" అని పాప చూపిస్తుంటే ఆ వేలి వెంటే వేపాకు పోయేది. నేను ఎప్పుడు నిద్ర లేచి చూసినా ఆ చెయ్యి కదులుతూనే ఉండేది.

పొక్కులు మాడి నల్లబడ్డాయి. ఒళ్ళు చల్లబడింది. "ఇంగ మంచి రోజు సూసి తలకు పోస్తే అమ్మ శాంతంగా ఎళ్ళిపోతాది" అంది అత్త. తలకు పోసేదాకా బిడ్డను గడప దాటించకూడదు, మందు మింగించకూడదు. గండం గడిచింది కదా అని నేనూ సరేనన్నాను.

మర్నాడు ఒళ్ళు మళ్ళీ పెనంలా కాలిపోయింది. ఈ జ్వరం ముందటిదానిలా లేదు. ముందు పాప ఏడ్చేది, అలిగేది, అంబలి వద్దని మూతి తిప్పుకునేది. ఇప్పుడు అలగడం కూడా మానేసింది. గ్లాసు నోటికి ఆనిస్తే నీళ్ళు పెదాల పక్కనుంచి కారిపోయాయి. దగ్గు చిన్నదే. కానీ ఊపిరి, వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చిన పిల్ల ఊపిరిలా ఉంది. పరుగెత్తిన పిల్లకు కాసేపటికి నిమ్మళిస్తుంది, దీనికి నిమ్మళించలేదు. గౌను పైకెత్తి చూశాను. గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. బిడ్డ నాకు దక్కదేమో అనిపించింది.

"అత్తా, ఇట్ల సూడు. బిడ్డకు ఊపిరాడడంలా. మదనపల్లెలో పిల్లల డాక్టరు దగ్గరికి పోతాం పద" అన్నాను.

"తలకు పొయ్యలేదు కదమ్మే. నడమన బయటికి తీసకపోతే అమ్మకు కోపమొస్తాది. కండ్లు పోయినోళ్ళుండారు, బిడ్డలే పోయినోళ్ళుండారు" అంది. ఆమె గొంతులో మొండితనం లేదు, భయం ఉంది. అది నాకు అప్పుడు వినబడలేదు.

వీధి మొగన ఉన్న ఎస్.టి.డి. బూతుకు పోయి కుప్పానికి ఫోను చేశాను. అంతా విని మా ఆయన, "మా అమ్మ ఎట్ల సెప్తే అట్ల సెయ్యి" అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. పెట్టేశాను అనడం మర్యాదకు, నిజానికి కొట్టినట్టే పెట్టాను. బూతు ఆయన ఫోను బతికే ఉందా అని ఎత్తి చూసుకున్నాడు.

ఇంటికొచ్చి పాప గుడ్డలు సంచిలో కుక్కడం మొదలుపెట్టాను. "వస్తే రా, లేకుంటే ఉండు. నేను పోతాండా" అని అరిచాను. కాపరానికి వచ్చాక ఆమె మీద గొంతు లేపడం అదే మొదలు. ఆమె పాప డొక్క వైపే చూస్తోంది.

"ఒక్క మాట అమ్మను అడుగుతానుండు. పూవడుగుతా. అంతవరకు ఆగు మే" అంది.

పెళ్ళి కుదుర్చుకోవాలన్నా, బావి తవ్వాలన్నా మా వైపు పూవడగడం ఉంది. తడిపిన పూలు అమ్మకు రెండు పక్కలా అంటిస్తారు. కుడిపక్కది ముందు రాలితే సరేనన్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. అత్త పక్కింటి ముసలామెను పిలిచింది. అమ్మవారు పోసిన ఇళ్ళలో పాటలు పాడేది ఆమే. ఆ పూలు ఎట్లా చూడాలో ఆమెకు తెలుసు. మూలగదిలో పసుపు పూసిన చెంబు ఉంది, దాన్నే అమ్మగా నిలిపారు. దానికి రెండు గన్నేరు పూలు అంటించి, ముగ్గురం ఎదురుగా కూర్చున్నాం. నేను పాపను ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ గదిలో దాని ఊపిరి తప్ప ఇంకో చప్పుడు లేదు. పూలు ఎంతకీ రాలవు. ఆ చెంబును ఒక్క తన్ను తన్నాలనిపించింది, దేవుడి దయ, తన్నలేదు.

ఎడమపక్క పూవు రాలింది.

ముసలామె నిట్టూర్చి, "అమ్మ వద్దంటాండాది" అంది. నేను సంచి అందుకున్నాను. అంతలో మా అత్త ఆ పూవు తీసి కళ్ళకద్దుకుంది. "అమ్మ మనకెదురుగా కూసోనుండాది గదక్కా. మనకు ఎడమైతే ఆమెకు కుడి" అంది.

"ఎప్పుడూ మన కుడే గదా సూసేది?" అంది ముసలామె.

"ఈ తూరి ఆమెది సూస్తాం" అంది అత్త. పాపను నా ఒళ్ళోంచి తీసుకుని, తన చీర కొంగు కప్పి, చిన్న వేపరెమ్మ ఒకటి అందులో దోపి, గడప దాటేసింది. నేను చెప్పులు వేసుకునే లోపల ఆమె వీధి మలుపు తిరిగింది. ఉట్టికాళ్ళతో, ఆ ఎండలో.

టమాటా గంపలు కట్టిన బస్సులో మదనపల్లె చేరాం. డాక్టరు గౌను ఎత్తి చూడగానే నర్సును పిలిచాడు. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందన్నాడు. తట్టు తగ్గుముఖం పట్టాక కొందరు పిల్లలకు ఇట్లా అవుతుందట. "ఊపిరి ఎగరేస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, నీళ్ళు మింగకపోయినా, మగతగా పడుకున్నా ఇంక ఇంట్లో పెట్టుకోకూడదమ్మా, వచ్చేయాలి" అన్నాడు. కోప్పడలేదు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు, చేతికి సూది గుచ్చారు. సూది గుచ్చినప్పుడు పాప ఏడ్చింది. ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

రెండు రోజులకు ఊపిరి కుదుటపడింది. కళ్ళు తెరిచి, "అవ్వా, అంబలి" అంది. పక్కనున్న నేను దానికి ఆనలేదు. అయినా నాకు ఏమీ అనిపించలేదు, సంతోషం తప్ప. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం వరండాలో కూర్చున్నాం. మనసు తేలికపడి ఆమెను ఆటపట్టించాను. "భలేదానివత్తా. అమ్మ కుడి, మన కుడి అని లాయరు మాదిరి తిప్పేసినావే!"

ఆమె నవ్వలేదు.

"ఎడమనే పడింది మే. అమ్మ వద్దనే అనింది. నాకు తెలీదా?"

"మరి?"

"నీ మాట తీసేస్తాండా తల్లీ, కోపమొస్తే నా ఒంటి మీదికి రా, బిడ్డ జోలికి పోవద్దు అని సెప్పుకోని వచ్చేసినా."

అమ్మవారంటే నాకు పెద్ద నమ్మకం లేదు. ఆ గడప నాకు ఉత్త గడపే, దాటడానికి కోపం ఒక్కటి చాలింది. పెద్ద తెగువ చేశాననుకుంటూ నేను ఆమె వెనకాల నడిచాను.

పాపను ఇంటికి తెచ్చి, తలకు పోసి, తాలింపు వేసుకుని తిన్నాం. ఆ తర్వాత కూడా చాలా రోజులు మా అత్త పొద్దున్నే లేచి, నా కంట పడకుండా పెరట్లోకి పోయి, వెలుతుర్లో తన చేతులు తిప్పి తిప్పి చూసుకునేది.