టేబుల్‌కి తగలని వేలు

జూదశాలల ఫ్రీమాంట్ వీధిలో ఆ పోకర్ పోటీ మొదలైన ఏడు దానికి పేరు కూడా లేదు. టెక్సాస్ నుంచి కార్లలో దిగిన ఎనిమిది మంది పెద్దమనుషులు (టోపీలు చూసి అలా అనడమే, లోపలి సంగతి దేవుడికెరుక), కాఫీ కౌంటర్ పక్కన ఒకే ఒక్క టేబుల్, చుట్టూ ఒక తాడు. అంతే. ఆ కౌంటర్లో కాఫీలు పోసే మావిస్ టాలివర్ అర్కన్సాస్ నుంచి వచ్చి ఏడాదైంది. ముక్కలు పంచేవాడి చేతులు చూస్తూ కప్పు పొంగించేసేది. పలకరిస్తే కసిరే ఆ మొరటు మనుషులు, వెల్లకిలా పడే ఒక్క ముక్క కోసం ఊపిరి బిగబట్టి కూర్చోవడం చూస్తే ఆమె ఒళ్లు గగుర్పొడిచేది.

వంటింటి బల్ల మీద దుప్పటి పరుచుకుని రెండేళ్లు ఒక్కతే పంచడం నేర్చుకుంది. తర్వాత మామూలు రోజుల ఆటల్లో చిన్న టేబుళ్ల దగ్గర పంచింది. పోటీ నాలుగో ఏట, ఆటగాళ్లు రెండు డజన్లయ్యారు. సరిగ్గా చివరి రోజు ఉదయం, ఆఖరి టేబుల్‌కి పంచాల్సిన మనిషి మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు.

"ఆడమనిషి పంచితే వీళ్లు కుర్చీలు తన్నేసి పోతారు," అన్నాడు పోటీ నడిపే బాస్ డట్టన్.

"పోయేవాళ్లని పోనీ బాస్. కాఫీ మిగుల్తుంది," అంది మావిస్.

డట్టన్‌కి నవ్వు రాలేదు. "ఒక్క తప్పు చేశావంటే మళ్లీ ఆ కెటిలే. జీవితంలో ఇంక ముక్క ముట్టుకోనివ్వను."

ఆ మాట ఊరికే అన్నది కాదని మావిస్‌కి తెలుసు. ఆ మధ్యాహ్నం ఆమె బతుకంతా ఆ పచ్చగుడ్డ మీదే ఉంది.

మూడు గంటలకి ఇద్దరే మిగిలారు. ఒకడు టెక్సాస్‌లోని లబక్ ఊరివాడు ఓర్వల్ గ్రైమ్స్, నోట్లో చుట్ట, అరవై దాటిన వయసు. టేబుల్ మధ్యలో నాలుగు ముక్కలు తెరిచి ఉన్నాయి. ఐదోది తియ్యాలంటే ముందు ఇద్దరూ తమ మాట చెప్పాలి. పందెం పెట్టనివాడు వేలితో బల్ల తడతాడు, అదే వాడి మాట. అవతలివాడు తట్టాడు. ఓర్వల్ చెయ్యి లేచింది, వేలు కిందికి దిగింది. మావిస్ ఆనవాయితీగా పై ముక్క ఒకటి పక్కన పడేసి ఐదోది తిప్పింది. ఆఠీను రాణి. ఓర్వల్‌కి కావలసింది సరిగ్గా అదేనని అతని మొహమే చెప్పింది.

జనం హోరెత్తిపోయారు. మావిస్ చెవికి మాత్రం ఏదో తక్కువైంది. తట్టిన చప్పుడు రాలేదు. ఓర్వల్ వేలు బల్లకి తగల్లేదు, చుట్ట నుసి రాల్చుకోవడానికి పక్కకి పోయింది. అందరూ తట్టాడనే అనుకున్నారు. ఆమె నోరు మూసుకుంటే ఓర్వల్ గెలుస్తాడు, ఆమె కుర్చీ ఆమెకుంటుంది, వాళ్లిద్దరికీ తప్ప ఈ భూమ్మీద ఒక్కరికీ తెలియదు.

ఆమె రెండు చేతులూ గాలిలోకి ఎత్తింది. "ఆయన తట్టలేదు. నేనే ముందు తిప్పేశాను. తప్పు నాది."

డట్టన్ మొహం కందగడ్డ అయింది. ఓర్వల్ చుట్ట తీసి ఆమెనే చూశాడు. తట్టానని ఒక్క మాటంటే చాలు. అనలేదు. "అమ్మాయి చెప్పింది నిజమే. నుసి రాల్చుకున్నా," అన్నాడు. రాణిని తీసి కట్టలో కలిపేశారు. ఓర్వల్ తన ముందున్నదంతా తోశాడు, అవతలివాడు సరే అన్నాడు, ఈసారి వచ్చింది కళావరు ఐదు. దేనికీ పనికిరాని ముక్క, ఓర్వల్ ఓడిపోయాడు.

మావిస్ లేచింది. పంచేవాళ్లు టేబుల్ విడిచేటప్పుడు చెయ్యాల్సినట్టే చప్పట్లు కొట్టి, అరచేతులు తిప్పి ఖాళీగా చూపించి, తిన్నగా కాఫీ కెటిల్ దగ్గరికి నడిచింది. డట్టన్ చెప్పేదాకా ఆగలేదు.

"ఎక్కడికే పిల్లా?" వెనకాలే వచ్చాడు ఓర్వల్. "డట్టన్, వచ్చే ఏడు ఆఖరి టేబుల్‌కి ఈమె పంచకపోతే నేను రాను. నా టెక్సాస్ వాళ్లెవరూ రారు."

"ఈమె వల్లే ఓడిపోయావు కదయ్యా!"

"ఓడింది నేను. నొప్పి నీకెందుకు? ఏ ఊళ్లో ఆడినా, మోసం చేస్తాడేమోనని ముందు పంచేవాడి చేతులకి కాపలా కాశాను. ఇవాళ ఒక్కపూట నా ఆట నేను ఆడుకున్నా."

మరుసటి ఏడు ఆ మాట విన్నవాళ్లూ వచ్చారు. తర్వాత వాళ్లు చెప్పగా విన్నవాళ్లు. ఇరవై రెండేళ్లు ఆఖరి టేబుల్‌కి మావిసే పంచింది. ఓర్వల్ ఆ తర్వాతా గెలవలేదు, అయినా పోయేదాకా రావడం మానలేదు. కీళ్లవాతం వేళ్లని వంకర తిప్పేశాక ఆమె బడి పెట్టి కొత్తవాళ్లకి పంచడం నేర్పింది. ఈలోగా పోటీ టీవీలకెక్కింది, కంప్యూటర్లో ఆట నేర్చిన కుర్రకారు వచ్చింది. ప్లంబర్లు, పంతులమ్మలు, ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వచ్చారు. పోటీ ఫ్రీమాంట్ వీధిలో పట్టక పెద్ద హాలుకి మారింది.

తన డెబ్భై రెండో ఏట ఒక మధ్యాహ్నం మావిస్ కర్ర పట్టుకుని ఆ హాలు గుమ్మంలో నిలబడింది. కనుచూపు మేర టేబుళ్లే. వేలమంది ఒకేసారి పందెపు చిప్పులు గలగలలాడిస్తుంటే రేకుల మీద వడగళ్లు పడుతున్నట్టుంది. ఒక్క తాడూ ఎనిమిది టోపీలూ ఇంతయ్యాయా?

అప్పుడే దగ్గర టేబుల్ నుంచి ఒక గొంతు వినిపించింది. అక్కడ పంచుతున్న నలభై ఏళ్ల ఆవిడ, మావిస్ ఎన్నడూ చూడని మనిషి, రెండు చేతులూ ఎత్తింది.

"ఆయన తట్టలేదు. నేనే ముందు తిప్పేశాను. తప్పు నాది."

చుట్టుపక్కల ఒక్కరూ తల తిప్పలేదు. "సరే, కలిపి మళ్లీ తియ్యి," అనేసి పక్క టేబుల్‌కి వెళ్లిపోయాడు అజమాయిషీ చేసేవాడు. ఆవిడ ముక్కలు కలుపుకుంది. ఎవరూ ఆవిడని కాఫీ కెటిల్ దగ్గరికి పంపలేదు. మావిస్ కళ్లు తుడుచుకుని, ఐదో ముక్క ఏమొస్తుందో చూద్దామని మెడ సాచింది.