నల్ల నైలాన్ తాడు

ఆయిల్ బావులు తవ్వేవాడికి స్థిరమైన ఊరంటూ ఉండదు. బావి తవ్వే రిగ్గు ఎటు కదిలితే మా సంసారం అటు. క్లాస్తాల్ యూనివర్సిటీలో డ్రిల్లింగ్ చదివి ఉత్తర జర్మనీలో ఉద్యోగంలో చేరాక ఎన్ని ఇళ్ళు మారామో మా ఆవిడ లెక్కపెట్టడం మానేసింది. ఊరు మారినప్పుడల్లా పాప కొత్త కిటాలో, అంటే ఇక్కడి పిల్లల బడిలో, ఏడ్చేది. కరోనాతో ఆ కిటాలూ మూసేశారు.

ఆ రోజుల్లోనే మా అత్తగారు వీడియో కాల్‌లో మంత్రం చదివి, అల్లుడి చేతికి నల్లతాడు కట్టమంది. ఇండియా నుంచి పోస్టు రావడం లేదు. మా ఆవిడ ఇక్కడి షాపులో నైలాన్ తాడు కొనుక్కొచ్చి నా కుడి మణికట్టుకి ముడి మీద ముడి వేసింది. మన నూలుదారమైతే గట్టిగా లాగితే తెగుతుంది. ఇది చచ్చినా తెగదు.

రిగ్గు మీద ఉంగరం, గడియారం ఏవీ ఉండకూడదు. తిరిగే పైపుకి చిక్కితే మనిషిని వదలదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ తాడు విప్పితే ఇంట్లో రభస. గ్లౌజులోకి దోపేశాను.

ఒక వానరోజు పొద్దున తాడు కొస గ్లౌజులోంచి బయటికొచ్చింది. తిరుగుతున్న పైపు దాన్ని అందుకుంది. నా చెయ్యి మెలితిరిగి, తల వెళ్ళి ఇనుముకి కొట్టుకుంది. చేతి ఎముక విరిగిన చప్పుడు ఇంజన్ రొదలో కూడా నాకు వినపడింది. స్విచ్ నొక్కినా పైపు వెంటనే ఆగదు. మా ఫోర్‌మన్ ఒక చేత్తో నా నడుం పట్టి వెనక్కి గుంజుతూ, రెండో చేత్తో కత్తి దించాడు. తాడుతో పాటు మణికట్టు మీద కూడా లోతుగా తెగింది. నెత్తురు అతని మాస్కు మీదికి చిమ్మింది. నేనతన్ని తెలుగులో బండబూతులు తిట్టాను.

కరోనా అని ఆసుపత్రిలోకి ఎవర్నీ రానివ్వలేదు. ఫోర్‌మనే మా ఇంటికెళ్ళి, చెయ్యి తనే కోశానని చెప్పాడట. తాడు ఊసెత్తలేదు. మా ఆవిడ అతని చెంప మీద కొట్టింది. చాలక గుమ్మంలోని గొడుగు తీసి, అది విరిగేదాకా బాదింది. అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడట.

నేను కట్టుతో ఇంటికొచ్చేసరికి సామాను సగం సర్దేసి ఉంది. రిగ్గు మళ్ళీ కదులుతోంది.

"ఆ రాక్షసుడి మీద కేసు పెట్టండి," అంది మా ఆవిడ.

"అతను కోసింది తాడుని. నువ్వు కట్టిన తాడుని."

రెండు పిడికిళ్ళతో నా గుండెల మీద గుద్దింది. "నేను భయంతో కట్టాను. విప్పి పారెయ్యడానికి మీకు బుద్ధి ఉండక్కర్లేదా?"

పాప జర్మన్‌లో ఆపమని అరుస్తూ వాళ్ళమ్మ చున్నీ లాగుతోంది. మా ఆవిడ ఆగింది.

"అతను కోయకపోతే చెయ్యి పోయేదా?"

"చెయ్యితో ఆగేది కాదు."

ఏడుస్తూ మళ్ళీ గుద్దడం మొదలుపెట్టింది. ఎడమ చేత్తో దగ్గరికి తీసుకోబోతే ఆ చేతినీ కొట్టింది. ఈసారి పాప ఆపమనలేదు.