ముల్లు తీసిన చేప

మా మామయ్య పోయారు. నేను ఆఫీసులో ఉండగా మా ఆయన ఫోన్ చేసి, "నాన్న లేవట్లేదు" అన్నాడు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి టీ వేళకి లేవలేదు. అంతే. ఎవరినీ కష్టపెట్టకుండా పోయారని వచ్చినవాళ్లందరూ అన్నారు. బతికున్నప్పుడూ తన కష్టం ఒకరికి చెప్పే రకం కాదాయన.

ఆయనది భీమిలి దగ్గర ఊరు. రైల్వేలో ఉద్యోగం వచ్చి సికింద్రాబాద్ చేరారు, రిటైరయ్యాక కూడా మెట్టుగూడ వదల్లేదు. నేను ఇక్కడి పిల్లనే. మా పుట్టింట్లో చేపంటే ఏడాదికోసారి, మృగశిర కార్తెకి. ఆయనకు చేప లేని ఆదివారం ఆదివారమే కాదు. పెళ్లైన కొత్తలో "ఏటమ్మా, మీ చెరువు చేపకి రుచేటి? నీళ్లు నమిలినట్టుంటాది" అని నన్ను ఉడికించేవారు.

మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా ఒకరోజు ఆయన తన చేత్తో పులుసన్నం కలిపి పెడుతుంటే దాని గొంతులో ముల్లు దిగింది. ఆస్పత్రికి తీసుకెళ్లి తీయించాం. పెద్ద ప్రమాదమేమీ కాలేదు గానీ, ఆ తర్వాత చేప వాసన వస్తే చాలు, పిల్ల కంచం వదిలి లేచిపోయేది. ఆయన మారుమాట లేకుండా ఇంట్లో చేప మాన్పించారు. వద్దన్నా వినలేదు.

కొన్ని నెలలకి, నేను కేకులు చేస్తానని కొని అటకెక్కించిన ఓవెన్‌ని ఆయన కిందికి దించారు. ఫోన్లో ఏదో వీడియో చూశారట. ముళ్లు తక్కువని మోండా మార్కెట్ నుంచి కొరమీను తెచ్చారు. ఆయన చెరువు చేప కొనడం నేను చూడ్డం అదే మొదలు. ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి ఆవిరి మీద ఉడికించారు. చల్లారాక కళ్లజోడు తీసి పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, వేళ్లతో ముక్కల్ని మెల్లగా నలుపుతూ కూర్చున్నారు.

"జోడు తీసేశారేంటి మామయ్యా?" అన్నాను.

"ముల్లు కంటికి కనబడదమ్మా. వేలికే తగుల్తాది."

మిగతా పని సులువే. కాస్త పలుకుగా వండిన అన్నంలో వేయించిన ఉల్లిపాయలు, మిరియాల పొడి, కొబ్బరిపాలు కలపాలి. గాజుగిన్నెలో ఒక వరస అన్నం, ఒక వరస చేప, మళ్లీ అన్నం. పైన గిలక్కొట్టిన గుడ్డు పోసి, నలిపిన రస్కుల పొడి చల్లి, ఎర్రగా కాలేదాకా ఓవెన్‌లో ఉంచాలి. కారం ఊసే లేదు. దీనికి ఇంగ్లీషులో ఏదో పేరుందని చెప్పబోయాను. "పైన కరకరలాడతాది, లోపల మెత్తగుంటాది. దిబ్బరొట్టె కాకపోతే ఇంకేటి?" అన్నారు. ఆ పేరే ఖాయమైంది. కోడలికి మామ వంట నేర్పడం మావైపు నేనెప్పుడూ వినలేదు. నాకు ఓవెన్ వాడటం నేర్పింది మాత్రం ఆయనే.

పాప ఊరికే తినలేదు. "తాతా, ముల్లు లేదని నీకెట్ల తెలుసు?" అని నిలదీసింది. ఆయన ముందు తాను రెండు ముద్దలు తిని, కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, "ఏటే గుంటా, బతికే ఉన్నానా?" అన్నారు. అప్పుడు తిన్నది.

ఏళ్ల తరబడి మా ఆదివారాలు ఇలాగే గడిచాయి. పాప తొమ్మిదో తరగతికి వచ్చింది. ఆ దిబ్బరొట్టె తప్ప మరే చేపా ముట్టదు. మామయ్యకి కూడా ఆ చప్పిడి తిండే అలవాటైపోయిందనుకున్నాను. మారు వడ్డించుకునేవారు కూడా.

పోయినవాళ్లకి ఇష్టమైనవి వండి మూడో రోజున పిట్టకు పెడతారు. కాకి ముట్టాకే ఇంట్లోవాళ్లు తినాలి. నేను దిబ్బరొట్టెకి అన్నం వార్చబోతుంటే మా ఆడపడుచు చేపల పులుసు గిన్నెతో వచ్చింది.

"అది వద్దు వదినా. నాన్నకి పులుసంటే ప్రాణం. అది పిల్ల కోసం తినీవోరు. మా ఇంటికొచ్చినా ఇన్నేళ్లూ పులుసు ముట్టలేదు తెలుసా? ఎంత బతిమాలినా, 'గుంట ముల్లుచేప తిన్నరోజు నేనూ తింటాను' అనీవోరు."

నాకు ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో కూర్చుని తిన్నాం, నాకు ఒక్కసారైనా చెప్పొద్దా? తర్వాత ఏడుపొచ్చింది. ఫోన్ వచ్చిన రోజు కూడా అంత ఏడుపు రాలేదు. పాప గుమ్మంలో నిలబడి అంతా వింది.

మేడ మీద ఆకు వేసి అన్నం, పులుసు పెట్టాం. కాకి వచ్చి వాటర్ ట్యాంకు మీద వాలింది గానీ కిందికి దిగలేదు. ఎండెక్కింది. ఏదో కోరిక మిగిలిపోయిందని పెద్దవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. మా ఆయన ఏవేవో మొక్కుకుంటున్నాడు.

"జెర ఆగుండ్రి" అంటూ పాప ముందుకొచ్చి ఆకు పక్కన గొంతుక్కూర్చుంది. పులుసు గిన్నెలోంచి ఒక ముక్క తీసుకుంది. పిట్ట ముట్టకముందు ఎవరూ ఏదీ నోట పెట్టకూడదు. మా ఆడపడుచు ఏదో అనబోయి ఆగిపోయింది. పాప ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, మెల్లగా నమిలింది. నాలుకతో వెతికి వెతికి సన్నటి ముల్లొకటి బయటికి తీసింది. దాన్ని ఆకు అంచున పెట్టి, మోచేత్తో కళ్లు తుడుచుకుని, ఇంకో ముక్క అందుకుంది.