పురుడు పోయరాదన్న షరతు

సూర్యాపేటలో మా ఇంటి యజమానిని ఉర్దూలో దులిపేశానని ఏళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. కిరాయి కాగితం ఆయన ముఖం ముందు ఆడించి, ఇలాంటి షరతు నిజాం అదాలత్‌లో కూడా నిలవదని గర్జించానట. ఆయనకు చెమటలు పట్టాయట.

అసలు నాకు ఉర్దూ రాదు.

నేను తెలుగు అక్షరాలు దిద్దించే వీధిబడి పంతులును. ఆయన బెల్లం వ్యాపారి, సేటు అనేవాళ్లం. ఆయనకూ ఉర్దూ రాదు. తాసీలు కచ్చేరి అరుగు మీద కూర్చునే మున్షీ ఉర్దూలో కాగితం రాసి, తెలుగులో చదివి వినిపించాడు. ఇంట్లో పురుడు పోయరాదని అందులో ఒక షరతు. మా గదికి ఆనుకునే సేటు దేవుడి అర్ర ఉంది; మైల అంటుతుందని ఆయన భయం. నేను కాగితం తీసుకుని, ఎడమ నుంచి కుడికి వేలు జరుపుతూ, అంతా చదివినట్టు తలూపి సంతకం పెట్టాను.

ఏడాది తిరిగేసరికి నా భార్యకు నెలలు నిండాయి. పుట్టిల్లు కోదాడ. గొడవల రోజులు, ఆ దారిన బండి కట్టేవాడు లేడు. సేటు గుమ్మంలోకి వచ్చాడు.

"పంతులూ, కాయితంల రాసుకున్నం. నొప్పులు రాకముందే ఖాళీ చెయ్."

గర్జించడం మాట అటుంచి, నేను వెళ్లి ఊరి చివర ఖాళీగా ఉన్న పశువుల కొట్టం చూసి వచ్చాను. నా భార్య ఒప్పుకోలేదు.

"గా కాయితం జర సదువు, నేను గూడ ఇంట."

నేను దగ్గాను. ఆమె కాగితం లాక్కుని మున్షీ దగ్గరికి నడిచింది. వెనక సేటు, ఆ వెనక నేను.

మున్షీ చదివాడు. గోడలకు పిడకలు కొట్టరాదని ఉంది. పురుడు ఊసే లేదు.

"మరి గప్పుడు సదివి ఇనిపించినవ్ గద!" అని సేటు అరిచాడు.

"ఇనిపించిన, నువ్వు ఖుష్ కావాల్నని. గసొంటిది రాస్తే అదాలత్‌ల నవ్వుతరు సేటూ. మీ అమ్మ నిన్ను ఇంట్ల కనలేదా, బజార్ల కన్నదా?" అని, మున్షీ నావైపు తిరిగాడు. "పంతులూ, అందరు కుడి నుంచి సదివే ఉర్దూని నువ్వు ఎడమ దిక్కు నుంచి సదివితివి గద, నీకు గూడ దొరకలేదా?"

నా భార్య కడుపు పట్టుకుని నవ్వింది.

మూడో రోజు ఆ గదిలోనే ఆడపిల్ల పుట్టింది. సేటు దేవుడి పటాలు చంకన పెట్టుకుని, మైల తీరేదాకా తమ్ముడింట్లో ఉంటానని వెళ్లిపోయాడు.