పెట్రోలు మూతకు నేను చేసిన మరమ్మతు

ట్యాంకు నిండా పెట్రోలు, వంక పెట్టడానికి లేని ఇంజను. అలాంటి పందెపు కారుకు చుక్క పెట్రోలు అందకుండా ఎండగట్టిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, నవ్వండి. మా వాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరు కూడా నవ్వితే నాకు కొత్తగా పోయేదేమీ లేదు.

విదేశీ కార్లు మన రోడ్లెక్కడం మొదలైన రోజులవి. వేలూరంతా కొత్త కార్ల ముచ్చట్లే. మా బావ మాత్రం తాతల నాటి చిన్న కారొకటి కొని, మద్రాసు అవతల జరిగే పాత కార్ల పందేల్లో తోలుతుండేవాడు. వేలూరులో ఆయనకు సిమెంటు అంగడి. నేను గుడియాత్తంలో మేస్త్రీని. కారు ఉండేది అక్కావాళ్ళ ఇంటి వెనక షెడ్డులో. సరిగ్గా ఆ షెడ్డే అక్కకు వంటగదిగా కావాలి. పైగా ఆ కారు ఏ పందెంలోనూ చివరిదాకా పోయిన పాపాన పోలేదు.

"ఈ తూరి పందెం ముగించకుండా వచ్చినావంటే కారును పాత ఇనుముకేసి, షెడ్డు నాకిచ్చేయల్ల," అంది అక్క.

"సరి," అన్నాడు బావ. కన్నబిడ్డను పంపకాల్లో పెట్టినట్టుంది ఆయన మొహం.

మలుపుల్లో ఆ కారు పెట్రోలు మూత దగ్గర కాస్త చిమ్మేది. అది నా కళ్ళబడింది. నేను కట్టిన నీళ్ళ ట్యాంకు కారిందని కనియంబాడి దాకా ఒక్కరు చెప్పగలరా? చూస్తే మూతలో సన్నటి చిల్లు. ఎవడో తెలివితక్కువవాడు పెట్టి ఉంటాడనుకుని, గట్టి బంకతో పూడ్చి, లోపల రబ్బరు వేసి బిగించేశాను.

ఇక చూడండి తిప్పలు. వేలూరులో దౌడు తీసిన కారు పళ్ళికొండ దగ్గరికి రాగానే దగ్గి ఆగిపోయేది.

"పెట్రోలు అందలేదప్పా," అనేవాడు బావ.

"నేనుండాను కదా బావా!"

ముందు మూత తీసి, పెట్రోలు ఉందని చూసి, తర్వాత ఏదో ఒకటి విప్పేవాణ్ణి. పంపు తుడిచాను, కారు పరుగెత్తింది. మళ్ళీ ఆగింది. కార్బురేటరు విప్పి నోటితో ఊదాను, పరుగెత్తింది. మళ్ళీ ఆగితే ట్యూబు మార్చాను, మళ్ళీ పరుగే! కారును బాగుచేస్తున్నది మూత తీయడమేనని తెలియక, ప్రతిసారీ నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఆ రోజుల్లో అక్క సాంబారు కూడా నాకు పెట్రోలు వాసనే వేసేది.

పందెం రోజు పొన్నై నుంచి మా బంధువులు వ్యాను కట్టుకుని పులిహోరతో సహా దిగారు. వంటగది ఖాయమైతే కళ్ళారా చూద్దామని అక్క కూడా వచ్చింది.

"మూత ఎవరూ తాకొద్దండి, గట్టిగా బిగించినా," అని చాటింపు వేశాను.

అందరికంటే వెనకే అయినా కారు పోతూనే ఉంది. ముగింపు గీత కనబడుతుండగా, సరిగ్గా మా ముందుకు వచ్చి దగ్గి ఆగింది. నలుగురూ కలిసి పక్కకు తోశారు. నేను స్పానరుతో ఉరికాను.

"పంపు బావా!"

"నిన్ననే కదప్పా తుడిచినావు."

"అయితే కార్బురేటరు!"

"దానికి నువ్వు పెట్టినన్ని ముద్దులు మీ అక్కకు నేను పెట్టలేదు నాయనా, ఇంక దాన్ని వదిలిపెట్టు." బావ కళ్ళు చెమర్చాయి. "పోనీలే. వంటగది కట్టేది కూడా నువ్వే కదా."

నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"అసలు పెట్రోలు ఉండాదా లేదా?" అంటూ అక్క వచ్చి మూత పట్టుకుంది. అది రాదే! కొంగు చుట్టి, రెండు చేతులా తిప్పింది. ట్యాంకు సుయ్యిమని గాలి పీల్చుకుంది. అక్క మూత తిరగేసి చూసింది.

"ఈ చిల్లు పూడ్చింది ఎవరు?"

"చుక్క కారకూడదని..."

"ట్యాంకుకు గాలిగొట్టం లేకుంటే కొళాయికి నీళ్ళు దిగవని ఊరందరికీ పాఠం చెప్తావే! కారుకు గాలి అక్కర్లేదా?"

బావ గబగబా మూత వదులుగా పెట్టి, తాళం తిప్పాడు. ఇంజను గర్జించింది. అక్కడివాళ్ళు జెండాలు చుట్టేస్తుండగా కారు గీత దాటింది. చివర్న వచ్చినా ముగించినట్టే కదా! పొన్నై వ్యాను అరుపులతో దద్దరిల్లింది.

అక్క చేతులకేసి చూసుకుంది. వంటగదిని తన రెండు చేతులతో తనే తిప్పి పారేసుకుంది మరి. తర్వాత నాకేసి చూసింది.

"మేస్త్రీ, పనిలోకి ఎప్పుడొస్తావు?"

సిమెంటు బావది, చాకిరీ నాది. షెడ్డు పక్కనే వంటగది లేచింది. చివరి ఇటుక మీద చెయ్యి వేసి, ఎందుకుందో అడగకుండా ఈ జన్మలో ఏ చిల్లూ పూడ్చనని అక్క ముందు ప్రమాణం చేశాను.

"బాగుండాది," అంది అక్క. "మరి పొగ పోయేదానికి సందు యాడ వదిలినావు?"

తలెత్తి చూశాను. వదల్లేదు.