గోడ కింద నీటిదారి

శుక్రవారం పొద్దున ఆఫీసుకు ఫోన్ వచ్చింది, మేడం పోయారని. గుండెనొప్పి వస్తే దవాఖానకు తీసుకెళ్తుండగా దారిలోనే. మీరు ఆవిడను చూసి ఉండరు. కొత్త కట్టడాల వల్ల చుట్టుపక్కల నేలకూ నీళ్లకూ ఏం నష్టమో చూసి చెప్పే విభాగంలో ఆవిడ అధికారి, నేను సహాయకురాలిని. సంతాపం అని కాసేపు నిలబడి ఎవరి సీట్లో వాళ్లు కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ ఆఫీసులో నాకు మాట్లాడే మనిషి ఇంక లేరు.

మేడంది ఒక పద్ధతి. ఏ స్థలం చూడబోయినా అక్కడ బాగా పల్లంగా ఉన్నచోట కూర్చుని క్యారేజీ విప్పేవారు. "తినే మనిషిని ఎవరైనా పలకరిస్తారమ్మా. ఆఫీసర్ని చూస్తే తప్పుకుపోతారు" అనేవారు. గోపన్‌పల్లి దగ్గర మమ్మల్ని అలా చూసి ప్లాట్లమ్మే బ్రోకరు పరుగెత్తుకొచ్చాడు.

"ప్లాటు చూస్తున్రా మేడం? జర గీ దిక్కు రాండ్రి, ఈస్ట్ ఫేసింగ్ ఉంది."

మేడం అతనికీ ఇంత పులిహోర పెట్టారు. కాసేపటికి మేకలు కాసే ఒకామె వచ్చింది. "గీడ కూసున్నవేందమ్మా? వానొస్తే నీళ్లన్నీ గిట్లనే కుంటకు పోతయి" అంది. ఆ నీళ్లు పోయే కాలువ మూయకుండా కట్టుకోవాలని మేడం సిఫార్సు రాశారు.

ఆ తర్వాతే నిబంధనలు సడలించారు. హైటెక్ సిటీ చుట్టూ భవనాలు త్వరగా లేవాలట. ఒక పరిమాణం లోపు కట్టడాలకు మేం వెళ్లి చూడక్కర్లేదు, కట్టేవాళ్లు రాసిచ్చే హామీ చాలు. మీటింగులో మేడం ఒక్కరే లేచారు.

"హామీ నమ్ముతానండి. వానాకాలంలో ఆ స్థలం ఒక్కసారైనా చూశారేమో అడగండి, చాలు."

గోపన్‌పల్లి ఫైలు అవసరం లేదని తిరిగొచ్చింది. మా జీపు వేరే విభాగానికి పోయింది. ఖాళీ బల్ల ముందు మేడం సాయంత్రందాకా కూర్చునేవారు, ఆ గదిలోకి తొంగిచూసేవాళ్లే ఉండేవారు కాదు.

ఒక ఆదివారం గోపన్‌పల్లికి నన్ను తోడు రమ్మన్నారు. బస్సు దిగి బండరాళ్ల మధ్య నడిచి వెళ్లేసరికి అక్కడ పునాదులు తవ్వుతున్నారు. కాలువ వదలమని అడిగితే సైటు ఇంజనీరు మర్యాదగానే అన్నాడు.

"ఇప్పుడు మీరు మమ్మల్ని ఆపలేరు కదండి మేడం."

"ఆపలేనండి. అందుకే అడుగుతున్నాను."

ఓనర్ని అడిగి చూస్తానన్నాడు. తిరుగు బస్సులో మేడం, మెహిదీపట్నం వచ్చాక, "అడిగాం కదమ్మా" అన్నారు, నన్నే ఊరడిస్తున్నట్టు.

నిన్న వాన వెలిశాక ఒక్కదాన్నే వెళ్లాను. ప్రహరీ లేచిపోయింది. నన్ను గుర్తుపట్టి ఇంజనీరు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"మేడం రాలేదాండి? ఓనర్ని ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఈసారి ఆవిడను కూడా తీసుకురండి, చూపిస్తాను."

చెప్పాలనే అనుకున్నాను. అంత సంతోషంగా ఉన్న మనిషికి చెప్పలేక అతని వెంట నడిచాను. అతను చెయ్యి చూపిన చోట, గోడ అడుగున వదిలిన ఖాళీలోంచి, ఎర్రనీళ్లు కుంటవైపు పోతున్నాయి.