చేప నూనె కాటుక

మొన్న మనవరాలు ఏదో బొమ్మల పుస్తకం తెచ్చి, "అమ్మమ్మా, ఈ చేప ముక్కు చూడు!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సొరచేపకు దూరపు చుట్టాలట, ఒంట్లో గట్టి ఎముకే ఉండదట, వెలుతురు చేరని లోతుల్లో తిరిగే జాతట. ఆ ముక్కు సంగతి నాకు పుస్తకం చెప్పాలా? అలాంటిది ఒకటి మా గడప దాటి లోపలికే వచ్చింది.

యాభైల్లో మేం మద్రాసులో, వ్యాసర్పాడి రైలు యార్డు వెనక ఉండేవాళ్ళం. నాన్న యార్డులో బొగ్గు ఎత్తేవాడు. గంజి, పచ్చిమిరపకాయ, ఊరగాయ బద్ద, అదే మా తిండి. తమ్ముడికి అప్పుడు ఐదేళ్ళు. పొద్దు వాలితే చాలు, గోడ తడుముకుంటూ నడిచేవాడు. రేచీకటి. వీధి పిల్లలు వాణ్ణి గుంజకు గుద్దించి పకపకా నవ్వేవాళ్ళు. నేను వాళ్ళ జుట్టు పట్టి వంచి వీపు చితకబాదేదాన్ని. ఏం లాభం? పగలు కూడా వాడి కళ్ళు పొడిబారి, మెరుపు పోయాయి. ఉన్న ఒక్క మగబిడ్డ గుడ్డివాడైపోతాడని అమ్మకు కంటిమీద కునుకు లేదు.

మా పక్కింట్లో చేపలమ్మే అత్త ఉండేది. ఒకనాడు ఆమె గంపలోంచి ఓ వింత చేపను తీసి మా అరుగు మీద పడేసింది. బారెడు ముక్కు, ఎలక తోకలాంటి తోక, పొలుసే లేని గోధుమరంగు ఒళ్ళు. కళ్ళు మాత్రం, అబ్బ, పచ్చటి గోళీల్లా ఉన్నాయి.

"శానా దూరం పోయి చీకటి లోతుల్లో యేసినోళ్ళ గాలానికి పడిందంట వదినా. దీని పేరు మావోళ్ళకే తెలీదు. కొనేవోడు లేడు, పారెయ్యమన్నారు. కడుపు చూడు, అంతా కార్జమే. నూనె కాచి పిల్లోడికి తాపు. సొర కార్జం నూనె తాగితే రేచీకటి పోతాదని మా ముసలోళ్ళు అంటారు," అంది.

అమ్మ కాచింది. కంపు వీధి చివరిదాకా కొట్టింది. సీసా నిండా పసుపుపచ్చటి నూనె దిగింది. ఒక చెంచా తమ్ముడి నోట్లో పోస్తే భళ్ళున కక్కేశాడు. అంతే, మా అవ్వ, నాన్నను కన్న తల్లి, అందుకుంది.

"ఏమే, బుద్ధుండాదా నీకు? జబ్బు కంటికైతే మందు కడుపుకా? కంటి మందు కంట్లోకే పోవాల. ఆ చేప చీకట్లో చూస్తాది గదా, దాని నూనెతో కాటుక పట్టు. బిడ్డ ఆడా ఈడా గుద్దుకోకుండా తిరుగుతాడు, చూస్తా వుండు."

మా ఇంట్లో అవ్వ మాటకు తిరుగులేదు. పైగా అమ్మకూ ఆ మాట సబబుగానే తోచింది, అదే నన్ను ఇప్పటికీ కాల్చేది. ప్రమిదలో ఆ నూనె పోసి, వత్తి వెలిగించి, పైన గంధం పూసిన ఇత్తడి పళ్ళెం బోర్లించింది. మసి గీరి, ఆముదంలో రంగరించి, వాడి కళ్ళకు రోజూ దిద్దేది. కాటుక అయిపోతే మళ్ళీ దీపం వెలిగించేది. సీసా ఖాళీ అయ్యేదాకా వెలిగించింది.

అంతలో తమ్ముడికి తట్టు పోసింది. జ్వరం తగ్గి కళ్ళు విప్పేసరికి రెండు గుడ్ల మీదా తెల్లగా పువ్వు వేసింది.

కంటాసుపత్రిలో డాక్టరమ్మ ఆ కాటుక తుడిచి, ఇదేమిటని అడిగింది. చేప కార్జం నూనెతో పట్టానని అమ్మ గొప్పగానే చెప్పుకుంది. డాక్టరమ్మ చేతిలోని దూది పక్కన పెట్టింది.

"ఆ నూనె తాగించి ఉంటే కళ్ళు నిలిచేవేమోనమ్మా. కంటికి కావలసింది అందులోనే ఉంది. ఏ తేనెలోనో కలిపి కొంచెం కొంచెం పోయాల్సింది. ఇంకా మిగిలిందా?"

"దీపంలో పోసేసినా," అంది అమ్మ.

ఇంటికొచ్చి, ఖాళీ సీసాలో వేలు తిప్పి, ఆ వేలు తమ్ముడి నోట్లో పెట్టింది. వాడు ఈసారి కక్కలేదు. బుద్ధిగా చప్పరించి, "ఇంకా పెట్టుమా," అన్నాడు. నేను అవ్వను కొట్టడానికే పోయాను. ఆమె తల వంచుకుని కూర్చుంది, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వాడికి చూపు మళ్ళీ రాలేదు.

ఆ తరవాత మా ఇంట్లో ఎవరి కంటికీ కాటుక లేదు. నా పెళ్ళిలోనూ నా కళ్ళు బోసిగానే ఉన్నాయి. "ఇదేం పెళ్ళికూతురమ్మా, కంటికి కాటుకైనా పెట్టలేదే!" అని మగపెళ్ళివారు మూతి విరిచారు. పక్కనే కూర్చున్న తమ్ముడు నా చెయ్యి తడిమి పట్టుకుని నవ్వాడు.

"పెట్టుకోక్కా. నాకేమన్నా కనపడతాదా?"

అమ్మ చేతిలోని అక్షింతల పళ్ళెం అక్కడే దించి, పెరట్లోకి వెళ్ళిపోయింది.